రాజీనామా కంటే ముందు రక్తపరీక్ష

‘డాక్టరుగారూ, ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా. మీరేమంటారు?’

ఈ ప్రశ్న ఎప్పుడూ మొదట రాదు. బీపీ చూసి, మందులు రాసి, చీటీ చేతికిచ్చాక, కుర్చీలోంచి సగం లేచి అప్పుడు అడుగుతారు. కడుపులో మంట, నిద్ర పట్టకపోవడం, మెడనొప్పి అంటూ అప్పటిదాకా చెప్పినవన్నీ ఈ ఒక్క మాట కోసమేనేమో అనిపిస్తుంది.

ఇలా అడిగేవారిలో ఈమధ్య ఒక తరహా వాళ్లు ఎక్కువగా కనిపిస్తున్నారు. ఉద్యోగం తప్ప మరొకటి తెలియనివాళ్లు కారు వీళ్లు. ఒకప్పుడు సొంతంగా పనులు చేసుకుని బతికినవాళ్లే. అనువాదాలు చేసినవాళ్లు, పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసినవాళ్లు, చిన్న దుకాణాలకు లెక్కలు రాసి జీఎస్టీ రిటర్నులు వేసినవాళ్లు, ఇంటి దగ్గర ట్యూషన్లు చెప్పినవాళ్లు. పెళ్లి సంబంధం కుదరాలనో, ఇంటి లోను కావాలనో, కరోనా కాలంలో పనులు ఆగిపోయో నెలజీతానికి కుదురుకున్నారు. నాలుగైదేళ్లు గడిచాయి. ఆ ఉద్యోగంలో తృప్తి లేదు. ఇప్పుడు మళ్లీ ఆ పాత ఫ్రీలాన్స్ పనికే వెళ్లిపోవాలనుకుంటున్నారు. ఇంట్లోవాళ్లు ఒప్పుకోవడం లేదు. ‘డాక్టరుగారే మానేయమన్నారు’ అని ఇంటికెళ్లి చెప్పడానికి వాళ్లకు నా మాట కావాలి.

తమాషా ఏమిటంటే, వారం తిరక్కుండా వాళ్ల అమ్మగారు షుగరు పరీక్షకు వస్తారు. ‘మీరైనా వాడికి చెప్పండి బాబూ, బంగారంలాంటి ఉద్యోగం’ అంటారు. తల్లీ కొడుకూ ఇద్దరికీ నేనే సాక్షిని, చెరో పక్షాన.

నేను ఎవరి పక్షానా చెప్పను. ఒకటో తారీఖున జీతం పడే ప్రభుత్వ వైద్యుణ్ని. ఇంకొకరి నెలజీతం వదులుకోమని చెప్పడానికి గానీ, పట్టుకుని వేలాడమనడానికి గానీ నాకున్న అర్హత తక్కువ. నోటీసు పీరియడ్ తప్పించుకోవడానికి మెడికల్ సర్టిఫికెట్ అడిగేవాళ్లూ ఉంటారు. అది అసలే ఇవ్వను. కానీ మీ ఇంట్లో జరిగే ఈ వాదనలో డబ్బు, పరువు, పిల్లల ఫీజులు అన్నీ మాట్లాడతాయి, శరీరం ఒక్కటే నోరు మెదపదు. దాని తరఫున నాలుగు మాటలు చెప్పడం మాత్రం నా పనే.

‘నావల్ల కావడం లేదు’, ‘నాకు నచ్చడం లేదు’

‘ఈ ఉద్యోగం నన్ను పీల్చేస్తోంది’ అన్నారు ఒకావిడ. నలభైకి దగ్గరపడుతున్న వయసు. పెళ్లయిన కొత్తలో ఇంటి నుంచే ఇంగ్లిషు నుంచి తెలుగులోకి అనువాదాలు చేసేవారు. పాప పుట్టాక ఖర్చులు పెరిగి ఒక కంపెనీలో చేరారు. పొద్దున లేవాలంటే భయం. మెట్లెక్కితే గుండెదడ. మధ్యాహ్నానికల్లా కళ్లు మూతలు పడతాయి. పై అధికారి చిన్నమాట అంటే చాలు కళ్లనీళ్లు. రాజీనామా లేఖ కూడా రాసి పెట్టుకున్నారు, పంపడమే తరువాయి.

కింది కనురెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది. హీమోగ్లోబిన్ 7.8. ఆ వయసు ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి. ఏడాదిగా నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా అవుతోందట. ‘అందరికీ ఉండేదేగా’ అనుకుని ఎవరికీ చెప్పలేదు. గైనకాలజీ విభాగానికి పంపితే గర్భాశయంలో ఫైబ్రాయిడ్ గడ్డ ఉందని తేలింది. రక్తస్రావానికి చికిత్స చేసి, ఐరన్ ఇచ్చాం. మూడు నెలలకు హీమోగ్లోబిన్ 11 దాటింది.

మరి ఉద్యోగం మీద ఇష్టం పుట్టిందా? లేదు. కానీ ఆవిడ మాట మారింది. మొదట ‘నావల్ల కావడం లేదు’ అన్నారు. తర్వాత ‘ఈ పని నాకు నచ్చడం లేదు’ అన్నారు. రెండూ ఒకటి కావు. మొదటిదానికి నా దగ్గర మందు ఉంది. రెండోదానికి లేదు, దాని గురించి ఆవిడే ఆలోచించుకోవాలి. అదే రక్తహీనతతో రాజీనామా చేసి ఇంటికి వెళ్లి ఉంటే, అనువాదం ముందు కూర్చున్నా అదే నీరసం, అవే కన్నీళ్లు. అప్పుడు తప్పు ఎవరి మీదకు నెట్టేవారు?

అందుకే రాజీనామా కంటే ముందు రక్తపరీక్ష చేయించుకోమంటాను. పెద్ద పెద్ద ప్యాకేజీలేమీ అక్కర్లేదు. రక్తకణాల పరీక్ష, పరగడుపు షుగరు, హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ కోసం టీఎస్‌హెచ్, కిడ్నీ కోసం క్రియాటినిన్, ఒకసారి బీపీ. శాకాహారులైతే బి12 కూడా. ఇవి కాక, మీ పక్కన పడుకునేవాళ్లను ఒక ప్రశ్న అడగండి: ‘నేను గురక పెడతానా? మధ్యలో ఊపిరి ఆగినట్టు అవుతుందా?’ నిద్రలో శ్వాస ఆగుతూ ఉండే స్లీప్ ఆప్నియా ఉన్నవాళ్లు ఎనిమిది గంటలు పడుకున్నా అలసిపోయే లేస్తారు. మీటింగులో కునుకు తీస్తారు, మతిమరుపు వస్తుంది, ఊరికే కోపం వస్తుంది. వాళ్లూ ఆ నెపం ఆఫీసు మీదే వేస్తారు.

తర్వాతిది కుంగుబాటు. దీన్ని గుర్తుపట్టడం కొంచెం కష్టం, ఎందుకంటే కుంగుబాటులో ఉన్న మనిషికి ఏ ఉద్యోగమైనా అర్థం లేనిదిగానే కనిపిస్తుంది. నేను అడిగే ప్రశ్నలు రెండు. సెలవు రోజున ఎలా ఉంటున్నారు? నచ్చని ఉద్యోగం వల్ల వచ్చే బాధ శనివారం పొద్దున్నే సడలుతుంది, ఆదివారం చీకటి పడే వేళకు మళ్లీ బిగుసుకుంటుంది. కుంగుబాటుకు సెలవులు లేవు. రెండో ప్రశ్న, ఆ పాత ఫ్రీలాన్స్ పని తలచుకుంటే ఏమనిపిస్తోంది? దాని గురించి చెబుతున్నప్పుడు ముఖం కాస్త వెలిగితే మంచిదే. ‘అదీ అంతేలెండి, ఏం చేసినా ఒకటే’ అంటే మాత్రం నేను జాగ్రత్తపడతాను. రెండు వారాలకు మించి రోజూ దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్రా ఆకలీ తారుమారు కావడం ఉంటే ముందు చికిత్స తీసుకోండి. నయమయ్యేదాకా ఉద్యోగం, ఇల్లు, పెళ్లి లాంటి పెద్ద నిర్ణయాలు వాయిదా వేసుకోమని మానసిక వైద్యులంతా చెప్పేదే. బతకాలని లేదన్న ఆలోచన వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. కేంద్ర ప్రభుత్వ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఇవేవీ కాకపోతే? రక్తం బాగుంది, థైరాయిడ్ బాగుంది, సెలవు రోజుల్లో మనిషి బాగున్నారు. అయినా ఆఫీసు గుమ్మం తొక్కేసరికి ప్రాణం ఉసూరుమంటోంది. దీన్నే బర్నవుట్ అంటున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో దీన్ని చేర్చింది, కానీ జబ్బుగా కాదు, పనికి సంబంధించిన ఒక స్థితిగా. మూడు లక్షణాలు చెప్పింది: సత్తువంతా ఇంకిపోవడం, పని మీద విరక్తి లేదా వెటకారం, చేసే పనిలో పస తగ్గిపోవడం. నిర్వహణ కుదరని ఒత్తిడి పనిచోట ఏళ్ల తరబడి ఉంటే వచ్చేదన్నమాట. జబ్బు కాదు కాబట్టి మాత్ర లేదు. కారణం పనిలో ఉంది కాబట్టి మార్పూ పనిలోనే రావాలి.

పని ఎక్కువై కాదు, చేతిలో లేక

ఆల్బమ్‌ల డిజైనర్ ఒకాయన మా ఓపీకి వస్తుంటారు. నలభై రెండేళ్లు. 2020 మార్చిలో లాక్‌డౌన్ రాగానే పెళ్లిళ్లు ఆగిపోయాయి, ఆల్బమ్‌లూ ఆగిపోయాయి. ఏడాది ఓపిక పట్టి ఒక ప్రకటనల సంస్థలో చేరారు. జీతం తక్కువేమీ కాదు, పనీ మరీ ఎక్కువ కాదు. ‘ఆల్బమ్‌లో ఏ ఫొటో పక్కన ఏ ఫొటో పెట్టాలో నేనే చూసుకునేవాణ్ని సార్. ఇప్పుడు ఒక పోస్టరు రంగు మార్చాలంటే ముగ్గురు ఒప్పుకోవాలి. ముగ్గురూ మూడు రంగులు చెబుతారు. రాత్రి తొమ్మిదికి నాలుగోవాడు ఫోన్ చేసి మొదటిదే బాగుందంటాడు’ అన్నారు. ఆ రోజు బీపీ 160/100.

ఇది వినడానికి చిన్న చిరాకులా ఉంటుంది. కానీ వైద్యశాస్త్రం దీన్ని చాలాకాలంగా పట్టించుకుంటోంది. లండన్‌లో వైట్‌హాల్ అంటే మన సచివాలయం లాంటిది. అక్కడి గుమస్తాలు, అధికారుల ఆరోగ్యాన్ని 1967 నుంచి ఏళ్ల తరబడి గమనించారు. అందరివీ ప్రభుత్వ ఉద్యోగాలే. ఎవరికీ రేపటి తిండికి వెతుక్కునే అవసరం లేదు. అయినా అట్టడుగు గ్రేడు వాళ్లలో మరణాలు పైస్థాయి అధికారుల కన్నా దాదాపు మూడు రెట్లు ఎక్కువ. పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లకే గుండెజబ్బులు ఎక్కువని అప్పటిదాకా చాలామంది అనుకునేవారు. లెక్క తిరగబడింది. పొగతాగడం, బీపీ, కొలెస్ట్రాల్ అన్నీ లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా చెరగలేదు. 1985లో మహిళలను కూడా చేర్చి రెండోసారి మొదలుపెట్టిన వైట్‌హాల్ అధ్యయనంలో ఇంకో సంగతి బయటపడింది. తమ పని ఎలా చేయాలి, ఎప్పుడు చేయాలి అన్నది తమ చేతిలో లేనివాళ్లలో గుండెజబ్బులు ఎక్కువ. అమెరికా పరిశోధకుడు రాబర్ట్ కరాసెక్ 1979లోనే ఇలాంటి మాట అన్నారు: పని బరువు ఒక్కటే మనిషిని కుంగదీయదు, బరువు ఎక్కువై నిర్ణయం తక్కువైతే కుంగదీస్తుంది.

కాబట్టి ‘కాస్త తక్కువ సంపాదించినా సొంత పనే హాయి’ అని మీ అబ్బాయో, మీ ఆవిడో అంటే, దాన్ని బద్ధకమని కొట్టిపారేయకండి. ఆ మాటలో శరీరానికి సంబంధించిన నిజం ఉంది.

అయితే దానికి రెండో వైపు కూడా ఉంది. సొంత పనిలో పగ్గాలు నిజంగా మీ చేతిలోనే ఉంటాయా? ఆదాయంలో ముప్పాతిక వంతు ఒకే క్లయింటు నుంచి వస్తూ, అతను రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే మీరు ఎత్తక తప్పదనుకోండి. అతనూ పై అధికారే. కాకపోతే పీఎఫ్ కట్టడు.

పాత రోజుల్లో బీపీ ఎంత?

ఆ డిజైనరును నేనొక ప్రశ్న అడిగాను. ‘ఆల్బమ్‌లు చేసే రోజుల్లో మీ బీపీ ఎంత ఉండేది?’

‘అప్పుడు బాగానే ఉండేది సార్.’

‘ఎవరు చూశారు?’

ఎవరూ చూడలేదు. పాత కాగితాలు తెప్పించాను. ఉద్యోగంలో చేరేటప్పుడు కంపెనీ చేయించిన వైద్యపరీక్షలో బీపీ 150/96 అని రాసి ఉంది. అంటే ఉద్యోగం మొదలయ్యే నాటికే బీపీ ఉంది. ఆఫీసు దాన్ని పుట్టించలేదు, మహా అయితే పెంచింది. కాగితం మీదకు ఎక్కించింది కూడా ఆఫీసే!

అప్పటి దినచర్య అడిగితే మెల్లగా బయటకు వచ్చింది. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం ముహూర్తాల కాలంలో రోజుకు నాలుగు గంటల నిద్ర. రాత్రంతా కంప్యూటరు ముందే. ఎనిమిది టీలు, వాటితో పాటు సిగరెట్లు. ఆషాఢంలోనూ మూఢంలోనూ పని ఉండదు, అప్పుడు నిద్ర పట్టేది కాదు, డబ్బు ఆలోచనతో. రెండేళ్లలో పన్నెండు కిలోల బరువు పెరిగారు. ఆయనకు గుర్తున్నది మాత్రం ఆల్బమ్ చూసి పెళ్లికూతురి తండ్రి కళ్లు తుడుచుకున్న రోజు. మనసు అలాంటివే దాచుకుంటుంది, మంచిదే. రక్తనాళాలు మాత్రం మిగతావన్నీ దాచుకుంటాయి.

జీతం పనిలో గంటలకు ఏదో ఒక హద్దు ఉంటుంది. సొంత పనిలో హద్దు మీరు గీసుకుంటేనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, వారానికి 35-40 గంటలు పనిచేసేవారితో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవారిలో పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో మరణించే ముప్పు 17 శాతం ఎక్కువ. ఒక్క 2016లోనే ఇలాంటి అధిక పనిగంటలకు ముడిపడిన గుండెజబ్బు, పక్షవాతం మరణాలు ప్రపంచవ్యాప్తంగా 7 లక్షల 45 వేలని అంచనా వేశారు. ఫ్రీలాన్స్‌లో 55 గంటలు దాటడం ఎంత సులువో చేసినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. రిటర్నులు వేసేవాళ్లకు జులై నెల, అమెరికా క్లయింట్లున్నవాళ్లకు ప్రతి రాత్రీ అంతే.

కొత్తగా ఫ్రీలాన్స్‌లోకి వెళ్లేవాళ్లకు లేని సౌకర్యం ఒకటి తిరిగి వెళ్లేవాళ్లకు ఉంది. మొదటిసారి ఎక్కడ దెబ్బతిన్నారో మీకు తెలుసు. ఒక సాయంత్రం కూర్చుని, ఆ రోజుల్లో ఒక మామూలు మంగళవారం ఎలా గడిచేదో గంట గంటా కాగితం మీద రాయండి. ఎన్నింటికి లేచారు, ఎప్పుడు తిన్నారు, ఎంతసేపు కదలకుండా కూర్చున్నారు, ఎన్నింటికి పడుకున్నారు, డబ్బు ఎప్పుడు చేతికందింది. మీకు గుర్తు రాకపోతే ఇంట్లోవాళ్లను అడగండి, వాళ్లకు బాగా గుర్తుంటుంది. ఆ కాగితం నాకు చూపిస్తే, మీ రిపోర్టుల కంటే ఎక్కువ చెబుతుంది.

మానేసిన మర్నాడు మాత్రలు మానకండి

ఒత్తిడి పోయింది కదా, ఇక బీపీ మాత్ర ఎందుకని ఆపేసేవాళ్లుంటారు. లెక్కలు రాసే ఒకాయన రాజీనామా ఇచ్చిన వారంలోనే మాత్రల డబ్బా పక్కన పెట్టేశారు. నెలన్నరకు విపరీతమైన తలనొప్పితో వచ్చారు, బీపీ 190/110. అదృష్టం, అక్కడితో సరిపోయింది. కొన్ని రకాల బీపీ మందులు హఠాత్తుగా ఆపితే రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది.

నిజంగానే ఉద్యోగం మారాక బీపీ తగ్గేవాళ్లున్నారు. తగ్గిందో లేదో కొలిచి తెలుసుకోండి. చేతికి కట్టే డిజిటల్ మిషను ఇంట్లో ఉంటే వారం పాటు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు చూసి రాయండి. అయిదు నిమిషాలు కుదురుగా కూర్చున్నాకే చూడాలి, టీ తాగిన వెంటనే కాదు. ఇంట్లో చూసినప్పుడు సగటు 135/85 కంటే తక్కువ ఉండాలి. ఆ కాగితం పట్టుకొస్తే డోసు తగ్గించాలా వద్దా మేం చెబుతాం.

ఇంకో కారణంతోనూ మందులు ఆగుతాయి, అది చెప్పుకోవడానికి సిగ్గుపడతారు. క్లయింటు డబ్బు పంపలేదు, ఈ నెల మందులు కొనలేదు. సరిగ్గా ఇందుకే ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, పట్టణ ఆరోగ్య కేంద్రాల్లో, తెలంగాణలో అయితే బస్తీ దవాఖానాల్లో ఉచితంగా ఇస్తారు. కొనుక్కోదలిస్తే జన ఔషధి దుకాణాల్లో అవే మందులు చాలా చౌక. ‘మాలాంటివాళ్లు అక్కడికా’ అనుకునే మధ్యతరగతి మొహమాటం ఒకటి ఉంటుంది. పక్షవాతానికి ఆ మొహమాటం లేదు.

కంపెనీ కార్డు చెల్లని రోజు

ఇంట్లో జరిగే వాదనలో అందరూ జీతం గురించి మాట్లాడతారు. కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా కార్డు సంగతి ఎవరికీ గుర్తు రాదు. సాధారణంగా అది ఉద్యోగం ఆఖరి రోజుతోనే ఆగిపోతుంది. ఆ కార్డులో మీరొక్కరే కాదు, మీ భార్యా పిల్లలూ, చాలా చోట్ల అమ్మానాన్నా ఉంటారు. కంపెనీ గ్రూపు పాలసీల్లో ఎక్కువభాగం పాత జబ్బులకు కూడా మొదటి రోజు నుంచే డబ్బు ఇస్తాయి. అదే మీరు బయట సొంతంగా పాలసీ తీసుకుంటే, ప్రమాదాలకు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు వర్తించదు. ముందునుంచీ ఉన్న షుగరు, గుండెజబ్బు లాంటివాటికి మూడేళ్ల దాకా ఆగమనవచ్చు. మోకాలి మార్పిడి, శుక్లాలు, హెర్నియా లాంటి కొన్ని చికిత్సలకూ నిరీక్షణ కాలం ఉంటుంది.

అందుకని సొంత పాలసీ మానేశాక కాదు, మానేయడానికి చాలా ముందే తీసుకోండి. ఆ నిరీక్షణ కాలం మీరు ఉద్యోగంలో ఉండగానే కరుగుతూ వస్తుంది, ఈలోగా కంపెనీ కార్డు ఎలాగూ ఉంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా సంస్థ వ్యక్తిగత పాలసీకి మారే వీలు కూడా ఉంటుంది. ఉద్యోగంలో ఉండగానే లిఖితపూర్వకంగా అడగండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల ప్రీమియం మీద జీఎస్టీ లేదు. దరఖాస్తులో బీపీ, షుగరు ఉన్నాయని దాచకండి. ఏజెంటు ‘రాయక్కర్లేదు సార్’ అంటాడు. తర్వాత క్లెయిము తిరస్కరించినప్పుడు అతను మీ పక్కన ఉండడు.

ఇంట్లో డెబ్బై దాటినవాళ్లుంటే, ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల ఆయుష్మాన్ వైద్య సదుపాయం 2024 అక్టోబరు నుంచి ఉంది. ఆధార్‌తో కార్డు తీసుకోవచ్చు. మధ్యతరగతి ఇళ్లలో చాలామంది ‘అది పేదలకు కదా’ అని వదిలేస్తున్నారు. కాదు, డెబ్బై దాటిన అందరికీ. నెల జీతం 21 వేల లోపు ఉండి ఈఎస్‌ఐ కడుతున్నవాళ్లకు, చందా కట్టిన కాలాన్ని బట్టి మానేశాక కూడా కొన్ని నెలలు వైద్యం అందుతుంది. ఎప్పటిదాకానో మీ డిస్పెన్సరీలో అడిగి రాసుకోండి.

వాయిదా వేస్తున్న ఆపరేషన్లు ఏమైనా ఉంటే అవి కూడా కార్డు ఉండగానే చేయించుకోవడం మేలు. నాన్నగారి శుక్లాలు, మీ హెర్నియా, ఆవిడ ఫైబ్రాయిడ్. బిడ్డ కోసం ప్రయత్నిస్తున్న దంపతులైతే ఇంకా ఆలోచించాలి. ఉద్యోగినికి చట్టం 26 వారాల జీతంతో కూడిన ప్రసూతి సెలవు ఇస్తోంది, సొంత పనిలో ఆ సెలవు మీ జేబులోంచే రావాలి. చాలా పాలసీల్లో కాన్పు ఖర్చులకు నిరీక్షణ కాలం కూడా ఉంటుంది.

డిజైనరుగారి తల్లికి అప్పుడు అరవై ఎనిమిదేళ్లు, షుగరు, ఒక స్టెంటు. ఆవిడ ఉన్నది కంపెనీ కార్డు మీదే. ఆయుష్మాన్ కార్డు రావడానికి రెండేళ్లు. ఈ లెక్క చెప్పేదాకా ఆయనకు తట్టలేదు. పది రోజుల్లో రాజీనామా ఇవ్వాలనుకున్న మనిషి దాన్ని మడిచి లోపల పెట్టారు.

‘ఇంట్లోనేగా ఉండేది!’

ఇది ఇంట్లోవాళ్లకు. ఫ్రీలాన్స్ చేసే మనిషి ఇంట్లో ఉంటారు కాబట్టి ఖాళీగా ఉన్నట్టు లెక్క. గ్యాస్ సిలిండరు వస్తే తలుపు తీయాలి, కరెంటు బిల్లు కట్టాలి, పిల్లల్ని బడి నుంచి తేవాలి, అత్తయ్యను ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మగవాళ్లకే ఇంత ఉంటే ఆడవాళ్ల సంగతి చెప్పేదేముంది. పగలంతా ఇంటి పని, అందరూ పడుకున్నాక రాత్రి పదింటికి సొంత పని మొదలు. తెల్లవారుజామున రెండింటికి పడుకుని అయిదున్నరకు లేస్తారు. నా దగ్గరికి ‘తలతిరుగుడు’ అని వస్తారు. స్కానింగు రాయమంటారు. నేను రాసేది ఏడు గంటల నిద్ర. చీటీ మీద నిజంగానే రాస్తాను, భర్త చేతికిస్తాను.

నెలజీతం వదిలి ఇంటికి వచ్చేవాళ్లకు పగటిపూట తలుపు వేసుకుని పనిచేసుకునే అయిదారు గంటలు ఇవ్వలేని ఇంట్లో, ఉద్యోగం మానేసినా ఆరోగ్యం బాగుపడదు. ఆ సంగతి రాజీనామాకు ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోవాలి. వంట ఎవరు, బడి ఎవరు, అమ్మ మందులు ఎవరు. పెద్దవాళ్లు అడ్డం చెబితే అది మీ మీద నమ్మకం లేక అని అనుకోనక్కర్లేదు. డబ్బు లేక ఆస్పత్రి వరండాలో నిలబడిన రోజు వాళ్లకు ఒకటి ఉండి ఉంటుంది. ఆ భయానికి జవాబు ‘నా జీవితం నా ఇష్టం’ కాదు, బీమా పాలసీ కాగితం.

చుట్టూ మనుషులు లేకపోవడం కూడా ఒక సమస్యే. ఆఫీసులో నచ్చనివాళ్లయినా పదిమంది ఉంటారు. ఇంట్లో ఒంటరిగా పనిచేసేవాళ్లు రోజుకొకసారైనా బయటకు నడవాలి, అరగంట. పాలప్యాకెట్ కోసమైనా సరే. నడకా అవుతుంది, నలుగురితో మాటా అవుతుంది.

డిజైనరుగారు ఆ తర్వాత పద్నాలుగు నెలలు అదే ఆఫీసులో పనిచేశారు. సిగరెట్లు అక్కడే మానేశారు, అది ఆఫీసులో పొగ తాగనివ్వకపోవడం వల్లనేనని నా అనుమానం. తల్లికి వేరుగా పాలసీ తీసుకున్నారు, ప్రీమియం బరువే, చెల్లెలు సగం పెట్టుకుంది. శ్రావణానికి నెల ముందు, ముగ్గురు ఫొటోగ్రాఫర్లు పని ఇస్తామని మాట ఇచ్చాక, రాజీనామా పంపారు. ఇప్పుడు బీపీ 136/86 దగ్గర తిరుగుతోంది. మాత్ర ఆగలేదు, డోసు సగమైంది. రాత్రి పదకొండు దాటితే కంప్యూటరు కట్టేస్తున్నానంటారు, మాఘంలో కట్టేయలేదని వాళ్లావిడ అంటారు.

మీరూ మానేస్తే మూడో నెలలో ఒకసారి రండి. బరువు, బీపీ, షుగరు చూద్దాం. మానేయడానికి ముందు చేయించుకున్న రిపోర్టులు కూడా తెచ్చుకోండి, పక్కపక్కన పెట్టి చూడాలి. పరగడుపున రావాలి, రాత్రంతా పనిచేసి అటు నుంచి అటే రాకూడదు. అలా వచ్చిన రోజు చూసిన బీపీని నేను లెక్కలోకి తీసుకోను.